అప్పు ఎవరికి పుడుతోంది? జొహానెస్‌బర్గ్‌లో బ్యాంకులకు మార్కులు వేసే పని

మా ఊరు కాకినాడ. ఉండేది దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో. బ్యాంకులకీ, బీమా కంపెనీలకీ, వాటికి సరుకులూ సేవలూ అందించే చిన్నాపెద్దా సంస్థలకీ మార్కులు వేసే ఏజెన్సీలో పనిచేస్తాను. ఇక్కడ అందరూ ముద్దుగా బీఈఈ అనే 'బ్లాక్ ఎకనామిక్ ఎంపవర్‌మెంట్' మార్కులవి. 2003లో వచ్చిన చట్టం ప్రకారం ఏ సంస్థలో నల్లజాతివారికి ఎంత వాటా ఉంది, ఎన్ని పెద్ద ఉద్యోగాలు ఉన్నాయి, వాళ్ల శిక్షణకి ఎంత ఖర్చు పెట్టారు, ఎవరి దగ్గర సరుకు కొన్నారు అని లెక్క తీసి, ఒకటి నుంచి ఎనిమిది వరకు ఏదో ఒక లెవెల్ ఇస్తాం. ఒకటి అన్నిటికన్నా పైది. అలా సర్టిఫికెట్ ఇవ్వాలంటే 'సనాస్' అనే జాతీయ సంస్థ గుర్తింపు ఉండాలి. సర్టిఫికెట్ ఏడాదిపాటు చెల్లుతుంది, తర్వాత మళ్లీ మొదటినుంచీ.

ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా మా బాబాయి అడిగే ప్రశ్న ఒకటే. "అంటే మన రిజర్వేషన్ల లాంటిదేనా అమ్మాయ్?"

కాదు బాబాయ్. మన దగ్గర ఇన్ని సీట్లని ముందే పక్కన పెడతారు. ఇక్కడ ప్రైవేటు కంపెనీని ఎవరూ బలవంతపెట్టరు. మార్కులు రాలేదని జైల్లో వెయ్యరు. కానీ ప్రభుత్వం టెండర్లు పిలిచేటప్పుడు, లైసెన్సులు ఇచ్చేటప్పుడు ఈ మార్కుల్ని చూడాలి. ఆ టెండర్ కావాలనుకున్న కంపెనీ తనకి సరుకు అమ్మేవాడి మార్కులు అడుగుతుంది, వాడు తనకి అమ్మేవాడివి అడుగుతాడు. అలా పైనుంచి కిందికి గొలుసులా దిగుతుంది. బ్యాంకు క్యాంటీన్‌కి పాలు పోసే చిన్న కంపెనీ కూడా మా దగ్గరికి వచ్చేది అందుకే.

మన తెలుగువాళ్లు అడిగే రెండో ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. "మరి మనం ఏ లెక్కలోకి వస్తాం?"

చట్టంలో 'బ్లాక్' అంటే ఆఫ్రికన్లు, కలర్డ్ అని పిలిచే మిశ్రమ జాతివారు, ఇండియన్లు. 2008లో ప్రిటోరియా హైకోర్టు తీర్పుతో ఇక్కడి పాత చైనీస్ కుటుంబాలవాళ్లు కూడా చేరారు. అయితే జాతి ఒక్కటే చూడరు. పుట్టుకతోనో వంశపారంపర్యంగానో దక్షిణాఫ్రికా పౌరులై ఉండాలి. లేదా 1994 ఏప్రిల్ 27కి, అంటే అందరూ ఓటేసిన మొదటి ఎన్నికల రోజుకి, ముందే పౌరసత్వం వచ్చి ఉండాలి, లేదా వర్ణవివక్ష అడ్డురాకపోతే అప్పటికే రావలసి ఉండాలి.

మా ఆఫీసులో డర్బన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. ఇంటిపేరు నాయుడు. ఇక్కడి ఇండియన్ల అలవాటు ప్రకారం చిన్నవాళ్లమంతా ఆయన్ని అంకుల్ అంటాం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ రేవుకి చేరింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి చెరుకు తోటల కూలీలుగా వచ్చిన తమిళ, తెలుగు కుటుంబాల్లో వాళ్లదొకటి. 1931లో డర్బన్‌లో పెట్టిన ఆంధ్ర మహాసభ ఉగాదులకి చిన్నప్పుడు వెళ్లేవారట. తెలుగు మాటలు కొన్నే మిగిలాయి, పద్యాలు మాత్రం తడుముకోకుండా చదువుతారు. వర్ణవివక్ష రోజుల్లో వాళ్ల నాన్నగారి కుటుంబాన్ని డర్బన్‌లోని కేటో మేనర్ నుంచి ఖాళీ చేయించి, ఇండియన్లకని కేటాయించిన చాట్స్‌వర్త్‌కి పంపేశారు. కొట్టు పోయింది, ఇల్లు పోయింది. కొత్త కొట్టు పెట్టుకుందామంటే బ్యాంకు గుమ్మం కూడా ఎక్కనివ్వలేదని చెబుతారు.

అంకుల్ ఈ లెక్కలో బ్లాక్. నేను కాదు. ఇక్కడ ఉద్యోగులందరూ ఈఈఏ1 అనే ఫారం నింపాలి. జాతి ఏమిటో ఎవరికి వాళ్లే రాసుకోవాలి. జనాన్ని జాతులుగా నమోదు చేసిన పాత చట్టాన్ని 1991లోనే ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు ప్రభుత్వం ముద్ర వేయదు. నేను 'విదేశీయులు' అన్న గడిలో టిక్ పెడతాను. రేపు ఇక్కడి పౌరసత్వం తీసుకున్నా ఫారంలో ఆ తేదీ రాయాలి, 1994 తర్వాత కాబట్టి లెక్కలోకి రాను. ఇది అన్యాయమని బాధపడే తెలుగు స్నేహితులు నాకున్నారు. ప్రమోషన్ టైమ్‌లో వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. అయినా నాకిది సబబుగానే కనిపిస్తుంది. నేను సీఏ పట్టాతో, కంపెనీ కొన్న టికెట్‌తో విమానం దిగాను. మా నాన్నగారి కొట్టుని ఇక్కడెవరూ లాక్కోలేదు. జరిగిన నష్టానికి పరిహారం నష్టపోయినవాళ్లకే అందాలి.

ఇక బ్యాంకుల సంగతి. టూరిజం, నిర్మాణం, రవాణా లాంటి చాలా రంగాలకి రకరకాల కోడ్‌లు, అంటే ఈ మార్కులు ఎలా వేయాలో చెప్పే నిబంధనలు, ఉన్నాయి. ఆర్థిక రంగానికి మాత్రం విడిగా ఒకటి ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1913 భూమి చట్టంతో ఆఫ్రికన్లకి దేశంలో చాలాభాగంలో భూమి కొనే హక్కు పోయింది. పట్నాల్లో సొంత ఇల్లుండే వీలు దాదాపు లేదు. 1978లో 99 ఏళ్ల లీజు పద్ధతి వచ్చేదాకా నల్లజాతివారికని ఊరికి దూరంగా విడిగా కట్టిన పేటలు, అంటే టౌన్‌షిప్‌ల్లో వాళ్లు దాదాపు అంతా అద్దెవాళ్లే. ఇల్లు లేదు కాబట్టి తాకట్టు లేదు. తాకట్టు లేదు కాబట్టి అప్పు పుట్టదు. అప్పు పుట్టదు కాబట్టి వ్యాపారం లేదు. వర్ణవివక్ష చట్టాలు పోయాక కూడా బ్యాంకులు కొన్ని పేటల చుట్టూ మ్యాపు మీద గీత గీసుకుని అక్కడి ఇళ్లకి లోన్లు ఇచ్చేవి కావు. ఎవరికి ఇంటిలోన్ ఇచ్చారు, ఎవరికి కాదన్నారు అని బ్యాంకులు బయటపెట్టాలంటూ 2000లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. అదే ఏడాది కమ్యూనిస్టు పార్టీ 'రెడ్ అక్టోబర్' పేరుతో బ్యాంకుల మీద ఉద్యమం లేవదీసింది. వాళ్లు అడిగినవి బోర్డులో కుర్చీలు కావు. పేదవాళ్లకి ఖాతాలు తెరవండి, ఇళ్లకి అప్పులివ్వండి, అప్పు ఎగ్గొట్టాడని ఒకసారి పేరెక్కినవాణ్ణి జీవితాంతం వెలివేయకండి అని.

ఆ ఒత్తిడితోనే 2002 ఆగస్టులో ప్రభుత్వం, కార్మిక సంఘాలు, వ్యాపారులు, ప్రజా సంస్థలు కూర్చుని నెడ్లాక్ వేదిక మీద ఒప్పందం చేసుకున్నాయి. 2003 అక్టోబరులో ఫైనాన్షియల్ సెక్టార్ చార్టర్ వచ్చింది, 2004 జనవరి నుంచి మొదలైంది. అది స్వచ్ఛందం. 2012 నవంబరులో గెజెట్‌లోకెక్కి కోడ్ అయ్యింది. 2017 డిసెంబరులో సవరించిన కోడ్ వచ్చింది. నేను పని నేర్చుకున్నది ఈ కోడ్ మీదే.

మిగతా రంగాల స్కోర్‌కార్డులో లేనివి రెండు ఇందులో ఉన్నాయి. ఒకటి, సామాన్యుడికి ఆర్థిక సేవలు అందుతున్నాయా అన్నది. రెండోది ఎంపవర్‌మెంట్ ఫైనాన్సింగ్. నల్లజాతివారి చిన్న వ్యాపారాలకి, వ్యవసాయానికి, తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకి, వెనకబడిన ప్రాంతాల్లో రోడ్లూ నీళ్లూ కరెంటూ లాంటివాటికి బ్యాంకు ఎంత అప్పిచ్చింది అన్నమాట. నన్నడిగితే ఈ కోడ్ ప్రాణమంతా ఈ రెండిటిలోనే ఉంది. కానీ పేపర్లో వచ్చేది, బోర్డు మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడేది వాటా గురించి. ఈ పోస్టు రాస్తున్నది ఆ తేడా గురించే.

ముందు మా రోజువారీ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను. కొనుగోళ్ల మార్కులు చూడండి. ఒక బ్యాంకు ఒక సప్లయర్‌కి 10 లక్షల రాండ్లు కట్టిందనుకోండి. ఆ సప్లయర్ లెవెల్ 1 అయితే బ్యాంకు ఖాతాలో 13.5 లక్షలు కొన్నట్టు రాస్తాం. లెవెల్ 4 అయితే 10 లక్షలు. లెవెల్ 8 అయితే ఒక్క లక్ష. సర్టిఫికెట్ లేకపోతే సున్నా. పెద్ద బ్యాంకుకి వేలమంది సప్లయర్లుంటారు. ఏడాది చివర్లో వాళ్లందరి సర్టిఫికెట్లూ మా ముందుకొస్తాయి.

ఏడాది టర్నోవర్ కోటి రాండ్లు దాటని చిన్న కంపెనీలకి మా వెరిఫికేషన్ అక్కర్లేదు. అఫిడవిట్ చాలు. మొత్తం నల్లజాతివారిదైతే లెవెల్ 1, సగానికి పైన, అంటే 51 శాతం నుంచి ఉంటే లెవెల్ 2, మిగతావాళ్లకి లెవెల్ 4. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే కౌంటర్లోని కానిస్టేబుల్ పైసా తీసుకోకుండా ముద్ర వేసి సంతకం పెడతాడు. టౌన్‌షిప్‌లో కారు రిపేర్లు చేసుకునే మనిషి వేలకి వేలు ఫీజు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోలేడు కాబట్టి ఇది చాలా మంచి ఏర్పాటు.

ఆ అఫిడవిట్‌ని ఎలా చూస్తామంటే, మొదట ఆర్థిక సంవత్సరం ముగింపు తేదీ. రోజు, నెల, సంవత్సరం మూడూ ఉండాలి. 'ఫిబ్రవరి' అని రాసి వదిలేస్తే చెల్లదు. తర్వాత సంతకం పెట్టిన తేదీ, పోలీసు ముద్ర మీద తేదీ ఒకటేనా? ప్రమాణం కానిస్టేబుల్ ఎదురుగా చేయాలి కాబట్టి ఒకటే అవ్వాలి. ఒకసారి ఒకే చేతిరాతతో మూడు వేర్వేరు కంపెనీల అఫిడవిట్లు కనిపించాయి. మూడింటి మీదా ఒకే స్టేషన్ ముద్ర, ముద్ర కొంచెం పక్కకి వంగిన తీరు కూడా ఒకటే. ముందే ముద్ర వేసి ఉంచుకున్న కాగితం మీద పేర్లు మార్చి జిరాక్స్ తీశారన్నమాట. మూడూ తీసి పక్కన పెట్టాం. బ్యాంకుకి ఆ మేరకు మార్కులు తగ్గాయి. వాళ్ల ప్రొక్యూర్‌మెంట్ మేనేజర్ నొచ్చుకున్నాడు. కానీ ఆ మూడు కంపెనీలకి వెళ్లిన ఆర్డర్లు, నిజంగా వరుసలో నిలబడి ప్రమాణం చేసి వచ్చిన ఇంకో ముగ్గురికి అందాల్సినవి. నాకు కోపం వచ్చేది అక్కడే.

బినామీలు మనకి కొత్త కాదు. ఇక్కడ దాన్నే ఫ్రంటింగ్ అంటారు. 2013లో చేసిన సవరణ చట్టంతో అది క్రిమినల్ నేరమైంది. వ్యక్తికి పదేళ్ల వరకు జైలు, కంపెనీకి ఏడాది టర్నోవర్‌లో పది శాతం వరకు జరిమానా. అలాంటివాటిని చూడ్డానికి బీఈఈ కమిషన్ అని ఒకటి పెట్టారు. రెండున్నర కోట్ల రాండ్లు, ఆపైన వాటా ఒప్పందాలన్నీ 15 రోజుల్లో అక్కడ నమోదు చేయించుకోవాలి.

కాగితం మీద ఎంత తెలివిగా రాసినా ఎదురుగా కూర్చుంటే తేలిపోతుంది. ఒక సర్వీస్ కంపెనీలో 51 శాతం వాటా ఉన్న ఒకావిడతో మాట్లాడాల్సి వచ్చింది. మీ కంపెనీ బ్యాంకు ఖాతాలో సంతకం ఎవరిది అని అడిగాను. తెలియదన్నారు. పోయిన ఏడాది లాభం వచ్చిందా అంటే పక్కనున్న డైరెక్టర్ వైపు చూశారు. ఆయన్ని బయట కూర్చోమన్నాం. అప్పుడు నెమ్మదిగా చెప్పారు: తను అక్కడ టీ పెట్టి, గదులు తుడిచే ఉద్యోగంలో చేరారు. ఒకరోజు సంతకాలు పెట్టమంటే పెట్టారు. జీతం మీద నెలకి కొంత ఎక్కువ ఇస్తున్నారు. డివిడెండ్ అన్న మాటే వినలేదు. ఆవిడ మాకు అబద్ధం చెప్పలేదు. ఆవిడని ఏ తప్పూ పట్టలేం. మొత్తం నోట్ చేసి రిపోర్టు రాశాం, సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ సాయంత్రం చాలాసేపు నా మనసు ఆవిడ దగ్గరే ఉంది. కంపెనీలో సగం పైన తనది. అది తనదని ఆవిడకి ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు.

సరే, పెద్ద బ్యాంకుల దగ్గర ఇలాంటివి ఉండవు. అక్కడ చిక్కు వేరు. నల్లజాతివారికి 25 శాతం పైన ఓటుహక్కు, 25 శాతం ఆర్థిక వాటా ఉండాలని లక్ష్యం. 2004, 2005ల్లో పెద్ద బ్యాంకులు నాలుగూ దాదాపు పదేసి శాతం వాటాల్ని నల్లజాతి పెట్టుబడిదారుల కూటములకి, ఉద్యోగుల ట్రస్టులకి అమ్మాయి. కొనేవాళ్ల దగ్గర డబ్బు ఎక్కడిది? తరతరాలుగా ఆస్తి కూడబెట్టుకోనివ్వలేదు కదా. అంచేత అప్పు మీదే కొన్నారు. వచ్చే డివిడెండ్లతో అప్పు తీర్చుకోవాలి.

ఆ వాటాని కొలిచేటప్పుడు 'నెట్ వాల్యూ' అని చూస్తాం. 25 లక్షల రాండ్ల షేర్లు అప్పుతో కొన్నారనుకోండి. అయిదేళ్లకి ఆ షేర్లు 30 లక్షలయ్యాయి, వడ్డీతో అప్పు 28 లక్షలుంది. అప్పుడు వాళ్ల చేతిలో నిజంగా ఉన్నది 2 లక్షలే. ఓటు మాత్రం మొదటిరోజు నుంచీ పూర్తిగా ఉంటుంది. అప్పు తీరిన భాగానికి మొదటి ఏడాది లక్ష్యం పది శాతమే, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి పదో ఏటికి మొత్తం. ఇందులో కనీసం 40 శాతం మార్కులు రాకపోతే మొత్తం సర్టిఫికెట్ ఒక లెవెల్ కిందికి దిగుతుంది. ఇది రాసినవాళ్లకి దణ్ణం పెట్టాలి. పేరుకి వాటాదారుని చేసి అప్పులో ముంచితే మార్కులు రావు. 2008లో షేర్లు పడిపోయినప్పుడు చాలామంది షేర్ల విలువ అప్పుకంటే కిందికి పోయింది. కొందరు గట్టెక్కారు. పాట్రిస్ మోట్సెపే నడిపిన ఉబుంటు-బోథో కూటమి 2004లో సన్‌లామ్ బీమా కంపెనీలో వాటా కొని, పదేళ్లు తిరిగేసరికి అప్పు తీర్చి లాభంతో నిలబడింది. ఆ కూటమిలో మహిళా సంఘాలు, చర్చి సంఘాలు కూడా ఉన్నాయి. అది చిన్న విషయం కాదు.

అయినా నాకు ఒక ప్రశ్న తెమలదు. బ్యాంకు యజమాని ఎవరన్నది మారితే, కౌంటర్ ఇవతల నిలబడ్డవాడికి ఏం మారింది?

ఉత్తరాన లింపోపో రాష్ట్రంలో వీబీఎస్ మ్యూచువల్ బ్యాంక్ ఉండేది. 1982లో వెండా బిల్డింగ్ సొసైటీగా పుట్టింది. నల్లజాతివారి చేతుల్లోనే నడిచింది. ఊళ్లలో ముసలివాళ్లు, స్టాక్‌వెల్‌లు, చావు ఖర్చులకి నెలనెలా డబ్బు వేసుకునే సంఘాలు అందులో దాచుకునేవి. స్టాక్‌వెల్ అంటే మన వీధుల్లో ఆడవాళ్లు వేసుకునే చీటీల లాంటిదే. 2018 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ దాన్ని తన అధీనంలోకి తీసుకుంది. పైన కూర్చున్నవాళ్లు దాదాపు 200 కోట్ల రాండ్లు దోచేశారని విచారణలో తేలింది. మునిసిపాలిటీల డబ్బు పోయింది. ఒక్కొక్కరికి లక్ష రాండ్ల వరకు ప్రభుత్వ హామీతో తిరిగి వచ్చింది గానీ, ఆ పైన దాచుకున్నవాళ్లు, ముఖ్యంగా సంఘాలు, చాలా నష్టపోయాయి. ఆ ఏడాది తొహొయాండూలో బ్యాంకు బయట తెల్లారుజామునే దుప్పట్లు కప్పుకుని బారులు తీరిన ముసలమ్మల్ని టీవీలో చూసి మా ఆఫీసులో ఎవరికీ మాట రాలేదు. దీన్ని చూపించి బీఈఈ మొత్తమే దండగ అనేవాళ్లున్నారు, వాళ్లతో నేను ఒప్పుకోను. తెల్లవాళ్ల చేతుల్లోని కంపెనీలూ దివాలా తీశాయి, అక్కడా దొంగలెక్కలు బయటపడ్డాయి. నేను చెప్పేది ఒక్కటే: వాటా గడిలో పడే మార్కు ఆ ముసలమ్మల గురించి ఏమీ చెప్పదు. వాళ్ల గురించి చెప్పే గడి వేరే ఉంది.

ఆ గడిలో పేదలకి సేవలు అందడానికి పన్నెండు మార్కులు. ఏటీఎం లాంటి చోట్లు జనాభాకి ఎంత దగ్గర్లో ఉన్నాయి, ఫోన్లో బ్యాంకింగ్ అందుతోందా, తక్కువ ఆదాయం వాళ్లకి తగ్గ ఖాతాలు ఉన్నాయా అని చూస్తాం. 2003 చార్టర్‌లో 'అందుబాటు' అంటే 20 కిలోమీటర్ల లోపు అని రాసుకున్నారు. ఆ చార్టర్ మార్కుల కోసమే 2004 అక్టోబరులో నాలుగు పెద్ద బ్యాంకులూ, పోస్ట్‌బ్యాంకూ కలిసి 'మ్జాన్సీ' ఖాతా తెచ్చాయి. నెలవారీ చార్జీ లేదు. నాలుగేళ్లలో 60 లక్షలకి పైగా ఖాతాలు తెరిచారు. బ్యాంకు మొహం చూడని లక్షలమందికి అది మొదటి ఖాతా. అందులో చాలావాటిని ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. పొదుపు డబ్బు వేసి, ఒకసారి తీసుకుని, వదిలేశారు. తెరిచిన ఖాతాకి మార్కు ఇస్తే బ్యాంకు ఖాతాలు తెరుస్తుంది. వాడుతున్న ఖాతాకి ఇస్తే, మనిషి ఎందుకు వాడట్లేదో తెలుసుకోవడానికి మేనేజర్ ఊళ్లోకి వెళ్తాడు. మన జన్‌ధన్ ఖాతాల్లో చిల్లిగవ్వ లేనివి చూసినవాళ్లకి నేను చెప్పేది తేలిగ్గానే అర్థమవుతుంది.

ఇక ఇళ్లు. కుటుంబ ఆదాయం నెలకి 3,500 రాండ్లు మించకపోతే ప్రభుత్వం ఉచితంగా ఇల్లిస్తుంది, వరుసలో ఏళ్లు పడుతుందనుకోండి. బాగా సంపాదించేవాళ్లకి బ్యాంకు బాండ్ ఇస్తుంది. హోమ్‌లోన్‌ని ఇక్కడ బాండ్ అంటారు. మధ్యలో ఉన్నవాళ్లు నర్సులు, కానిస్టేబుళ్లు, టీచర్లు. ఉచిత ఇల్లు రాదు, బాండ్‌కి జీతం చాలదు. ఈ మధ్యలోవాళ్ల కోసం 2018లో ప్రభుత్వం తన సబ్సిడీ పరిమితిని 22,000 రాండ్ల దాకా పెంచింది. వాళ్లకి బ్యాంకు ఇచ్చే లోను ఎంపవర్‌మెంట్ ఫైనాన్సింగ్‌లోకి వస్తుంది.

నాకు ఇష్టమైన పని ఈ ఫైళ్లు చూడటం. శాంపిల్‌గా కొన్ని తీస్తాం. ఒక ఫైలు ఇప్పటికీ గుర్తుంది. ఒక నర్సు, సొవెటో పక్కన రెండు గదుల ఇల్లు, ఇరవై ఏళ్ల బాండ్. జీతం స్లిప్పు, సబ్సిడీ ఉత్తరం, ఇంటి టైటిల్ డీడ్ కాపీ. డీడ్ మీద ఆవిడ పేరొక్కటే. వాళ్ల అమ్మమ్మ కాలంలో ఆవిడ పేరున ఇలాంటి కాగితం ఉండే వీలు దాదాపు లేదు ఈ దేశంలో. ఆదాయం పరిమితిలో ఉందా, తేదీ ఈ సంవత్సరానిదేనా, లోను నిజంగా విడుదలైందా అని మూడు టిక్కులు పెట్టి ముందుకెళ్లాను. అంత సంతోషంగా టిక్ పెట్టిన ఫైలు ఇంకోటి లేదు.

మా స్కోర్‌కార్డులో ఇంకా కొలవనిది ఒకటుంది. కాదన్న అప్పులు. ఇచ్చిన వాటికి మార్కులున్నాయి. ఏ పేటల్లో ఎంతమందిని వెనక్కి పంపారన్నది బ్యాంకు 2000 నాటి చట్టం కింద వేరే ఆఫీసుకి ఇస్తుంది, అది ఈ మార్కుల్లో కలవదు. రెండూ పక్కపక్కన పెట్టి మార్కు వేస్తే బాగుంటుందని నేను కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను. వాటా మార్కుల్లోంచి కొన్ని తీసి ఇటు వేయమంటే బ్యాంకులు కాదంటాయి, పెట్టుబడిదారుల కూటములూ కాదంటాయి. కోడ్‌ని చూసుకునే ట్రాన్స్‌ఫర్మేషన్ కౌన్సిల్‌లో ప్రజా సంస్థలకీ కార్మిక సంఘాలకీ కూడా కుర్చీలున్నాయి. గట్టిగా అడగాల్సినవాళ్లు వాళ్లు.

చివరగా, ఈ బ్లాగు చదివే మనవాళ్లలో చాలామంది ఇక్కడి బ్యాంకుల డేటా ప్రాజెక్టుల్లో ఉన్నారు. కొందరు శాండ్‌టన్‌లో కూర్చుని, కొందరు హైదరాబాద్ నుంచి. మీరు చూసే టేబుళ్లలో కస్టమర్ చిరునామా కాలమ్‌ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. టౌన్‌షిప్‌లోనూ, ఊళ్లలోనూ చాలా ఇళ్లకి వీధి పేరుండదు, స్టాండ్ నంబరే, అంటే స్థలం నంబరే, ఉంటుంది. సిస్టమ్‌లో వీధి పేరు తప్పనిసరి అని పెడితే కౌంటర్లోని అమ్మాయి బ్రాంచి చిరునామానే కొట్టేస్తుంది. నేను తీసిన ఒక శాంపిల్‌లో వందలమంది కస్టమర్లు ఒకే షాపింగ్ మాల్‌లో కాపురమున్నట్టు వచ్చింది. వాళ్లు ఏటీఎంకి సున్నా కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క తేలి, బ్యాంకుకి మార్కులు పడబోయాయి. వాళ్ల అసలు ఇళ్లెక్కడో వెతికించడానికి బ్యాంకు వాళ్లకి నెల పట్టింది. స్టాండ్ నంబరుకి విడిగా ఒక కాలమ్ పెట్టండి. వీలైతే జీపీఎస్‌కి ఇంకోటి.